మాదాపూర్ నడుమ ఒక పల్లె

హైదరాబాదు మాదాపూర్‌లో, హైటెక్ సిటీ భవనాలకు కూతవేటు దూరంలో శిల్పారామం ఉంది. విస్తీర్ణం దాదాపు 65 ఎకరాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లో, 1992లో, చేతివృత్తుల గ్రామంగా దీనికి రూపకల్పన జరిగింది. మగ్గం మీద బతికేవాళ్లు, కొయ్యబొమ్మలు చెక్కేవాళ్లు, కుండలు చేసేవాళ్లు నగరానికి వచ్చి తమ సరుకు తామే అమ్ముకునే చోటు ఇది. చెట్లు, నీటి మడుగు, పిల్లల ఆటస్థలం, ఆరుబయలు రంగస్థలం ఆ అంగడి చుట్టూ అల్లుకున్నాయి. ఇప్పుడు ఆదివారం పూట గేటు దగ్గర టిక్కెట్టు తీసుకునే కుటుంబాల్లో చీరల కోసం వచ్చేవాళ్లు కొందరే. మిగిలినవాళ్లకు కావలసింది ఒక పూట హారన్ల మోత వినకుండా కూర్చోవడం, పిల్లల చెయ్యి వదిలేసి వాళ్లను పరిగెత్తనివ్వడం.

శిల్పారామానికి రూపకల్పన జరిగిన నాటికి ఆ ప్రాంతం ఊరి చివర. చుట్టూ బండరాళ్లు, తుప్పలు, ఖాళీ నేల. ఆరేళ్ల తరువాత, 1998 నవంబరులో, అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి చేతుల మీదుగా పక్కనే సైబర్ టవర్స్ అనే సాఫ్ట్‌వేర్ భవనం ప్రారంభమైంది. తరువాత చుట్టూ నగరం పెరుగుతూ పోయింది. 2019 మార్చిలో మెట్రో రైలు హైటెక్ సిటీ దాకా వచ్చింది. 2020 సెప్టెంబరులో దగ్గర్లోని దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. అంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల అలసట తీర్చడానికి ఎవరో లెక్కవేసి కట్టిన పార్కు కాదు శిల్పారామం. పల్లె ముందు వచ్చింది, నగరం దాని వెనకాల వచ్చి చుట్టుముట్టింది. ఆ చోట ఇవాళ 65 ఎకరాలు ఖాళీగా దొరకాలంటే కల్ల. నేలకు ధర లేని రోజుల్లో పక్కన పెట్టారు కాబట్టే మిగిలింది. నగరాల్లో పచ్చదనం గురించి జరిగే చర్చల్లో ఈ ముందువెనకల సంగతి తక్కువగా వినిపిస్తుంది.

పల్లెను ఒక ఆవరణలో నిలబెట్టి చూపించే పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 1891లో ఆర్టుర్ హాజేలియస్ అనే ఆయన స్కాన్సెన్ అనే ఆరుబయలు ప్రదర్శనశాల తెరిచాడు. ఫ్యాక్టరీలు పెరిగి పాత ఊళ్ల తీరు మారిపోతున్న కాలం అది. దేశం నలుమూలల నుంచి పాత ఇళ్లను విప్పి తెచ్చి, అక్కడ మళ్లీ నిలబెట్టించాడు. మన దేశంలో 1972లో ఢిల్లీ ప్రగతి మైదానంలో అంతర్జాతీయ వర్తక ప్రదర్శన కోసం కట్టిన గ్రామీణ గుడిసెల సముదాయం తరువాత అక్కడి చేతివృత్తుల మ్యూజియంలో భాగమైంది. ఉదయపూర్ శిల్పగ్రామ్, హర్యానాలో సూరజ్‌కుండ్ మేళా 1980ల నాటివి. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో దక్షిణచిత్ర తెరుచుకుంది. శిల్పారామం ఈ వరుసలోదే.

ఈ పల్లెలన్నీ ఒక తీరువి కావు. దక్షిణచిత్రలో అసలు ఇళ్లున్నాయి. ఉమ్మడి నల్లగొండ జిల్లా కొయ్యలగూడెం నుంచి ఒక ఇక్కత్ నేతగాడి ఇల్లు, ఉమ్మడి విశాఖ జిల్లా హరిపురం నుంచి ఒక తీరప్రాంతపు ఇల్లు అక్కడ తెలుగు భాగంలో కనిపిస్తాయి. శిల్పారామంలోని గ్రామీణ మ్యూజియం నమూనాల పల్లె. మట్టితో, గడ్డి కప్పుతో కట్టిన 15 గుడిసెలు, వాటి ముందూ లోపలా నిలువెత్తు బొమ్మలు. కుమ్మరి, కమ్మరి, సాలె, గొల్ల, వడ్రంగి, గిరిజన కుటుంబాలు ఎవరి పనిలో వాళ్లుంటారు. అసలు ఇల్లు తెచ్చి పెట్టడానికి, పోలిక కట్టి చూపించడానికి తేడా చాలానే ఉంది. మొదటిదానిలో పొగచూరిన దూలం ఉంటుంది, అరిగిన గడప ఉంటుంది. రెండోదానిలో అవి ఉండవు. కానీ నమూనా ఇంటికి ఒక సౌకర్యం ఉంది. పిల్లలు దాన్ని ముట్టుకుంటే ఎవరికీ గుండె జారదు.

చూపు ఎక్కడ నిలపాలో తెలిస్తే ఆ గుడిసెల దగ్గరే గంటసేపు గడిచిపోతుంది. మట్టిగోడ ఒక్కరోజులో లేవదు. బంకమట్టిని నానబెట్టి, వరిగడ్డి ముక్కలో ఊకో కలిపి, కాళ్లతో తొక్కుతారు. ముద్దలు చేసి ఒక వరుస పెట్టి, అది ఆరేదాకా ఆగి, దాని మీద రెండో వరుస పెడతారు. తొందరపడి ఎత్తు లేపితే కింది వరుస పొట్ట ఉబ్బి జారుతుంది. గోడ అడుగున మందంగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడేది ఇందుకే. ఈ మందమే ఎండాకాలంలో కాపాడుతుంది. పగటి వేడి గోడ దాటి లోపలికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది, అప్పటికి బయట గాలి చల్లబడుతుంది, తలుపు తీస్తే చాలు. ఎదురుగా కనిపించే అద్దాల భవనం అదే పనికి రోజంతా ఏసీ నడుపుకుంటుంది.

కప్పు సంగతి మరొకటి. గోడల మీద దూలం, దూలానికి వాలుగా వాసాలు, వాటి మీద వెదురు బద్దలు, ఆపైన తాటాకో రెల్లుగడ్డో. కప్పు వాలు ఎంత ఉండాలన్నది అందానికి సంబంధించిన విషయం కాదు. వాలు తగ్గితే వాననీరు ఆకు మీద నిలిచి కుళ్లబెడుతుంది. చూరు బాగా కిందికి దిగి ఉండేది గోడ తడవకుండా. మట్టిగోడకు మొదటి శత్రువు వానజల్లు, రెండోది నేలలోంచి ఎక్కే చెమ్మ. రెండోదాని కోసమే అరుగు. ఊరి కబుర్లు అరుగు మీద సాగేవి కాబట్టి అరుగంటే అదే గుర్తొస్తుంది కానీ, గోడ అడుగును నీటి నుంచి కాపాడడం దాని అసలు పని. పేడతో అలకడం, ఎర్రమన్ను పూయడం, సున్నపు ముగ్గు వేయడం కూడా ఏటేటా గోడకూ నేలకూ జరిగే మరమ్మతులే. పండగ వాటిని వాయిదా పడకుండా చూసేది.

ఉత్తరాంధ్ర తీరంలో కనిపించే చుట్టిల్లు ఈ లెక్కనే ఒక మెట్టు పైకి తీసుకుపోతుంది. గుండ్రటి గోడ, దాని మీద శంకువులా దిగే తాటాకు కప్పు, చూరు మనిషి వంగి దూరాల్సినంత కిందికి. తుపాను గాలికి ఆనడానికి మూల అంటూ ఉండదు. గాలి గోడను చుట్టుకుని పక్కకు పోతుంది. కింది దాకా దిగిన కప్పు లోపలికి గాలి దూరి ఎత్తిపారేసే వీలు తక్కువ. ఈ ఇళ్లు కట్టినవాళ్లెవరూ ఇంజనీరింగు చదవలేదు. ఒక్కో తుపానుకు ఏ ఇల్లు నిలిచిందో, ఏది కూలిందో చూసి నేర్చుకున్నారు. సిమెంటు శ్లాబు రాగానే ఆ ఇళ్లు వెనక్కి తగ్గాయి. దానికి కారణం కూడా ఉంది. తాటాకు కొన్నేళ్లకోసారి మార్చాలి, నిప్పంటుకుంటే నిమిషాల్లో పోతుంది. పాత ఇంటిని మెచ్చుకునేవాళ్లు ఆ ఖర్చునూ, ఆ భయాన్నీ కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇలాంటి పల్లెకు కుటుంబంతో వెళ్లినప్పుడు బోర్డు మీద రాసినదాని కంటే ఎక్కువ చెప్పగలిగేది వెంట వచ్చిన నాన్నమ్మో, తాతయ్యో. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్లలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వచ్చి నెలల తరబడి ఉండే పెద్దవాళ్లు చాలామంది. లిఫ్టు బటన్ల దగ్గర్నుంచి డెలివరీ యాప్‌ల దాకా వాళ్లకు మనవలే గురువులు. గుడిసె ముందు నిలబడగానే ఆ వరస తిరగబడుతుంది. రోలు, రోకలి, తిరగలి, చేట, జల్లెడ, ఉట్టి, కవ్వం, గాదె, కావడి, మోట వస్తువులుగా బొమ్మల పుస్తకంలో కూడా దొరుకుతాయి. పప్పు విసిరేటప్పుడు తిరగలి రంధ్రంలో గుప్పెడెంత పోయాలి, ఎక్కువ పోస్తే పలుకు ఎందుకు లావవుతుంది, రోకలి ఇద్దరు కలిసి వేసేటప్పుడు ఒకరి పోటు ఒకరికి తగలకుండా ఎలా లెక్క పట్టుకుంటారు అన్నది మాత్రం చేసినవాళ్లే చెప్పాలి. తెలంగాణలో పెరిగిన అవ్వ తిరగలిని ఇసుర్రాయి అంటుంది, గోదావరి వైపు అమ్మమ్మ తిరగలి అనే అంటుంది. పిల్లలు రెండూ నేర్చుకుంటారు.

అయితే నమూనా పల్లె చూపించని సంగతులు చాలా ఉన్నాయి, వాటిని దాటవేయడం సరికాదు. అక్కడి ఇళ్లన్నీ పక్కపక్కనే, ఒకే వరసలో ఉంటాయి. నిజమైన ఊళ్లో ఏ ఇల్లు ఎవరి ఇంటి పక్కన ఉండాలో, ఎవరు ఏ బావిలో నీళ్లు తోడుకోవాలో కులం నిర్ణయించింది. వాడలు ఊరికి ఎడంగా ఉండేవి. నీళ్ల కోసం నడిచిన దూరం, కరువు ఏడాది ఖాళీగా పడున్న గాదె, వడ్డీ వ్యాపారి పద్దు పుస్తకం వంటివి మట్టిబొమ్మల్లోకి ఎక్కవు. పల్లెటూరంటే చల్లటి గాలి, ముంగిట ముగ్గు అన్న బొమ్మ ఊరు విడిచి వచ్చినవాళ్ల జ్ఞాపకాల్లో ఏరుకున్నది. ఎందుకు విడిచి వచ్చారన్నది ఆ బొమ్మలో ఉండదు. ఇది శిల్పారామం ఒక్కదాని లోపం కాదు. స్కాన్సెన్ నాటి నుంచీ ఆరుబయలు మ్యూజియాలన్నింటి మీదా ఉన్న విమర్శే.

ఆ లోటును కొంత తీర్చేవాళ్లు అంగళ్లలో కూర్చున్న మనుషులు. శిల్పారామంలో అసలు చూడవలసింది కదలని బొమ్మలను కాదు, కదిలే చేతులను. దేశంలోని పలు రాష్ట్రాల నుంచి వచ్చే పనివాళ్లకు అక్కడ దుకాణాలుంటాయి, మేళాల రోజుల్లో వాళ్ల సంఖ్య బాగా పెరుగుతుంది. సరుకు ముందు ఆగి ఒక్క ప్రశ్న అడిగితే చాలు, చాలామంది పని ఆపి చెబుతారు.

ఉదాహరణకు ఏటికొప్పాక లక్కబొమ్మలు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. అంకుడు కర్ర మెత్తగా, సమంగా ఉంటుంది కాబట్టి తరిణి మీద తిరుగుతుండగా ఉలి ఆనించి కావలసిన రూపు తెస్తారు. రంగు వేయడానికి కుంచె వాడరు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఒత్తిపెడతారు. ఆ రాపిడికి పుట్టే వేడికే లక్క కరిగి కర్రకు పొరలా పట్టుకుంటుంది. తరువాత మొగలి ఆకు మడిచి అదే తిరుగుడులో అదిమితే నిగారింపు వస్తుంది. పసుపు, నీలిమందు, చెట్ల గింజలు, బెరళ్ల నుంచి తీసిన రంగులు కావడంతో చంటిపిల్లలు నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేదని తల్లిదండ్రులు వీటిని ఇష్టపడతారు. కొండపల్లి బొమ్మ తయారీ వేరు. తెల్లపొణికి కర్రతో కాళ్లు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు ఎక్కడుందో బొమ్మ తిప్పి చూస్తే కూడా దొరకదు. దొరకకపోవడమే పనితనం.

చేర్యాల నకాషీ పటాల దుకాణం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడాలి. ఇప్పుడవి గోడకు తగిలించుకునే చిన్న చిత్రాలుగా, మాస్కులుగా, తాళంచెవుల గుత్తులుగా అమ్ముడవుతున్నాయి. అసలు పటం పదుల అడుగుల పొడవుండే గుడ్డ చుట్ట. ఖద్దరు గుడ్డకు సుద్ద, గంజి, చింతగింజల జిగురు పూసి, ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యం మీద కథంతా గళ్లు గళ్లుగా గీసేవాళ్లు. ఆ పటాన్ని ఊరూరా తీసుకుపోయి, రాత్రిళ్లు గడి తరువాత గడి విప్పుతూ కథ చెప్పే కులాలు వేరుగా ఉండేవి. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. ఏ కులానికి ఆ కులపు పుట్టుక కథ. సినిమా, టీవీ వచ్చాక వినేవాళ్లు తగ్గారు, చెప్పేవాళ్లు పటాలు వేయించుకోవడం మానేశారు. గీసేవాళ్లు నగరంలోని కొనుగోలుదారు గోడ సైజుకు తమ పనిని కుదించుకుని నిలదొక్కుకున్నారు. గుడిసెల వరసలో కనిపించని కులం ఇక్కడ, ఈ దుకాణంలో, రంగుల్లో కనిపిస్తుంది.

పోచంపల్లి చీరలు అమ్మేచోట ఆసు గురించి అడగవచ్చు. ఇక్కత్ నేతలో దారానికి రంగు ముందే వేస్తారు, బట్ట మీద కాదు. రంగు ఎక్కడెక్కడ పడాలో గుర్తుపెట్టి కట్టడానికి ముందు దారాన్ని అర్ధచంద్రాకారపు చట్రానికి ఉన్న మేకుల మీదుగా అటూ ఇటూ పోయాలి. అదే ఆసు. ఒక చీరకు చెయ్యి 9 వేల సార్లు ముందుకూ వెనక్కూ ఆడాలని చెబుతారు. ఈ పని ఇంట్లో ఆడవాళ్లది, భుజాలు పడిపోయేవి. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి పడుతున్న బాధ చూడలేక ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది. చీర ధర విని నోరెళ్లబెట్టే ముందు ఆ 9 వేల చేతి ఊపులు ఒకసారి గుర్తుచేసుకోవడం న్యాయం.

శిల్పారామంలో మనిషి చెయ్యి పడని వస్తువులూ ఉన్నాయి. అవి రాళ్లు. ఆవరణలో శిలల మ్యూజియం ఒకటుంది. అది కాక, పెద్ద పెద్ద బండలను కదపకుండా వదిలేసి వాటి మధ్యనే దారులు తీశారు. హైదరాబాదు గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. నేల అడుగున గట్టిపడిన శిల పగుళ్లు తీసి, ఆ పగుళ్లలోకి నీరు దిగి, మూలలు ముందుగా కరిగి, మట్టి కొట్టుకుపోయాక గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు బయటపడ్డాయి. ఎవరో రాక్షసుడు బంతులాడి వదిలేసి వెళ్లినట్లు కనిపిస్తాయి. జూబ్లీహిల్స్ నుంచి గచ్చిబౌలి దాకా ఒకప్పుడు ఇవే. ఇళ్ల కోసం, రోడ్ల కోసం పేలుడు మందు పెట్టి పేల్చగా పేల్చగా కొద్ది చోట్ల మిగిలాయి. వాటిని కాపాడాలని 1996లో నగరంలో ఒక సంఘం ఏర్పడింది. పల్లె గుడిసెను మళ్లీ కట్టుకోవచ్చు, బండను మాత్రం కట్టలేరు. పిల్లలకు బొమ్మల కంటే ముందు రాళ్లు చూపిస్తే మంచిది. వాళ్లు ఎలాగూ ముందు వాటి మీదికే ఎక్కుతారు.

ఇలాంటి చోట గంట గడిపితే ఒళ్లు తేలికపడిందనిపించడం భ్రమ కాదు. చెట్టు నీడ ఎండను ఆపుతుంది, ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న గాలి వేడిని లాక్కుంటుంది. తారు, కాంక్రీటు పగలంతా వేడిని దాచుకుని రాత్రి వదులుతాయి, తడి మట్టి అంత వేడెక్కదు. మనసు సంగతికి వస్తే, 1984లో అమెరికాలో రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు పిత్తాశయపు శస్త్రచికిత్స చేయించుకున్న రోగుల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించే గదుల్లో ఉన్నవాళ్లు, ఇటుక గోడ కనిపించే గదుల్లో ఉన్నవాళ్ల కంటే త్వరగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువ వాడారు. 2019లో ఇంగ్లండులో దాదాపు 20 వేలమంది మీద జరిగిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు పచ్చదనం మధ్య గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని చెప్పడం ఎక్కువగా కనిపించింది. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా ఫలితంలో తేడా లేదు. ఆరోగ్యవంతులే ఎక్కువగా బయటికి వెళతారేమోనన్న అనుమానం ఇలాంటి సర్వేలకు ఎప్పుడూ ఉంటుంది. అయినా వారానికి రెండు గంటల నీడ ఎవరికీ చెడు చేయదు.

శిల్పారామానికి నిండు కళ వచ్చేది సంక్రాంతికి. సగం నగరం పండక్కి ఊళ్లకు వెళ్లిపోయి రోడ్లు ఖాళీగా ఉన్న ఆ మూడు రోజులూ, వెళ్లలేనివాళ్లు ఇక్కడికి వస్తారు. సన్నాయి ఊదుతూ గంగిరెద్దులవాళ్లు, తలమీద అక్షయపాత్రతో హరిదాసులు, గొబ్బెమ్మలు, ముగ్గులు. ఎద్దు తల ఊపగానే చిన్నపిల్లలు తండ్రి కాళ్లు కరుచుకుంటారు, రెండో నిమిషంలో దాని గంగడోలు నిమురుతుంటారు. వచ్చిన గంగిరెద్దులవాళ్లు నిజమైనవాళ్లే, ఆట నిజమైనదే. ఇంటింటికీ తిరిగి అడిగే బదులు ఒకచోట నిలబడి ఆడిస్తారు. అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానివ్వని రోజుల్లో వాళ్లకు ఇలాంటి ఆవరణే మిగిలింది. సెలవు సాయంత్రాల్లో ఆరుబయలు రంగస్థలం మీద కూచిపూడి, పేరిణి, జానపద నృత్యాలుంటాయి. అరంగేట్రం కొత్తగా అయిన ఆడపిల్లల బృందాలకు అది మంచి వేదిక. ముందు వరసలో బంధువులు, వెనక వరసల్లో పల్లీలు తింటూ దారినపోయేవాళ్లు.

వెళ్లే వేళ ఎంచుకోవడంలో సగం సుఖం ఉంది. ఆదివారం సాయంత్రం, పండగ సాయంత్రం జనం కిక్కిరిసి ఉంటారు, బయట ట్రాఫిక్కు, లోపల పడవల దగ్గర వరస, తినుబండారాల దగ్గర వరస. నిశ్శబ్దం కావాలంటే మామూలు రోజు గేటు తెరిచిన వెంటనే వెళ్లాలి. కాకపోతే అప్పటికి కొన్ని అంగళ్లే తెరుస్తారు. చలికాలమైతే మధ్యాహ్నమూ ఇబ్బంది లేదు. ఎండాకాలంలో నాలుగు దాటాకే. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో మాట్లాడుకుంటే కారు నిలిపే బాధ తప్పుతుంది. లోపల నడక చాలా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ముందుగా గ్రామీణ మ్యూజియం దగ్గరికి తీసుకెళ్లి, అరుగు చూసి కూర్చోబెట్టి, తక్కినవాళ్లు తిరిగి రావడం మేలు. నగరానికి తూర్పు వైపు ఉండేవాళ్లకు ఉప్పల్‌లో చిన్న శిల్పారామం ఉంది. విశాఖపట్నం మధురవాడలోనూ, తిరుపతిలోనూ శిల్పారామాలున్నాయి. తిరుపతి వెళ్లినవాళ్లు దర్శనానికి ముందో తరువాతో మిగిలిన పూటను పిల్లలతో అక్కడ గడపవచ్చు.

బేరమాడడం గురించి ఒక మాట. దుకాణంలో కూర్చున్నది చేసినవాడా, కొని తెచ్చి అమ్మేవాడా అన్నది రెండు ప్రశ్నల్లో తెలిసిపోతుంది. ఏ కర్ర, ఎన్ని రోజుల పని అని అడిగితే చేసినవాడు వెంటనే చెబుతాడు, అమ్మేవాడు పక్కవాడి వైపు చూస్తాడు. మరమగ్గం మీద నేసి అచ్చు వేసిన బట్ట కూడా ఇక్కత్ పేరుతో అమ్ముడవుతుంటుంది. బట్ట తిప్పి చూస్తే అచ్చువేసినదానికి వెనకవైపు వెలిసినట్లుంటుంది, నేసిన ఇక్కత్‌కు రెండువైపులా ఒకే రంగు, డిజైను అంచులు కాస్త చెదిరినట్లుంటాయి. ఆ చెదరడం లోపం కాదు, కట్టి రంగువేసిన దారాన్ని చేత్తో నేసిన గుర్తు.

మట్టిపాత్రలు కొనేవాళ్లు పాత్రను వేలి కణుపుతో తట్టి చూడాలి. ఖంగుమంటే సరిగ్గా కాలినట్లు, బొదబొదమంటే బీటవారినట్లో, పచ్చిగా ఉన్నట్లో. వంటపాత్రను ఇంటికి తెచ్చాక ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరనిచ్చి, బియ్యం కడిగిన నీళ్లు పోసి సన్నసెగ మీద మరిగించాలి. సన్నటి రంధ్రాల్లోకి ఆ గంజి దిగి పాత్ర కారకుండా ఉంటుంది. ఒక్కసారిగా మంట పెంచినా, వేడి పాత్రను చల్లటి రాయి మీద దించినా పగులుతుంది. మంచినీళ్ల కూజా సంగతి దీనికి తలకిందులు. దాని రంధ్రాలు తెరిచే ఉండాలి. లోపలి నీరు వాటిలోంచి బయటికి ఊరి, ఆవిరై, మిగిలిన నీటిని చల్లబరుస్తుంది. పైన రంగు వేసి, వార్నిష్ పూసి, పూలు గీసిన కూజా చూడ్డానికి ఎంత బాగున్నా నీళ్లు చల్లబడవు. తాగే నీళ్లకు రంగు వేయని ఎర్రకూజాయో, నల్లకూజాయో తీసుకోవాలి.